బూస్ట్ ఎక్కడ పోతోంది? సూపర్‌చార్జర్ ఇంజిన్‌లో గాలి పీడనం తగ్గితే కారణం కనిపెట్టే పద్ధతి

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు నగరాన్ని ఆనుకుని చరోదా ఉంది. భిలాయి మార్షలింగ్ యార్డ్, ఎలక్ట్రిక్ లోకో షెడ్ ఈ పరిసరాల్లోనివే. రైల్వేలో, ఉక్కు కర్మాగారంలో పని కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. ఈ ఊరివాళ్లకు గాలిని బలవంతంగా ఊదే యంత్రాలు కొత్త కాదు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిన భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ పనిచేసేదే ఆ సూత్రం మీద. పెద్ద బ్లోయర్లు గాలిని ఒత్తిడితో కొలిమిలోకి పంపితేనే కోక్ మండి, ఖనిజం కరిగి ఇనుము అవుతుంది. పల్లెల్లో కమ్మరి కొలిమికి తిత్తి చేసే పని కూడా అదే.

కారులోని సూపర్‌చార్జర్ కూడా ఒక తిత్తే. తిత్తికి చిల్లు పడితే కొలిమి చల్లబడినట్టే, సూపర్‌చార్జర్ నుంచి వచ్చే గాలి పీడనం తగ్గితే బండి పికప్ పోతుంది. అప్పుడు చాలామంది ముందుగా అనుకునేది “సూపర్‌చార్జర్ పోయింది, మార్చాలి” అని. ఇంజిన్ గదిలో అన్నిటికన్నా ఖరీదైన భాగాల్లో అదొకటి. దాన్ని మార్చాక కూడా బండి లాగకపోతే, అసలు తప్పు ఒక వదులైన క్లాంపుదో, అరిగిన బెల్టుదో అని తర్వాత బయటపడుతుంది. ఈ పాఠంలో, స్పానర్ పట్టుకునే ముందే కారణాన్ని ఎలా కుదించుకోవచ్చో చూద్దాం. దానికి కావలసింది కొంచెం భౌతికశాస్త్రం, ఒక ప్రశ్న. ఆ ప్రశ్న: పీడనం ఎప్పుడు తగ్గుతోంది?

ఇంజిన్‌కు గాలి ఎందుకు ఊదాలి?

ఇంజిన్ శక్తి ఇంధనం మంట నుంచి వస్తుంది. మంటకు ఆక్సిజన్ కావాలి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి అవసరం. ఇంధనాన్ని ఎక్కువ పోయడం సులువు. దానికి సరిపడా గాలిని సిలిండర్‌లోకి చేర్చడమే కష్టం. మామూలు ఇంజిన్ పిస్టన్ కిందికి దిగినప్పుడు ఏర్పడే ఖాళీలోకి బయటి గాలి తనంతట తాను వస్తుంది. కాబట్టి వాతావరణ పీడనం ఎంత నెడితే అంతే గాలి దొరుకుతుంది. సూపర్‌చార్జర్ ఉన్న ఇంజిన్‌లో గాలిని ముందే ఒత్తి పంపుతారు. అదే సిలిండర్‌లో ఎక్కువ గాలి, దాంతో ఎక్కువ ఇంధనం పడతాయి.

ఈ ఆలోచన కారు అంత పాతది. గాట్‌లీబ్ డైమ్లర్ 1885లోనే దీనిపై పేటెంట్ తీసుకున్నాడు. నేటికీ వాడుకలో ఉన్న ఒక రకం సూపర్‌చార్జర్‌కు మూలమైన రూట్స్ బ్లోయర్ అంతకన్నా పాతది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన రూట్స్ సోదరులు 1860లో దానికి పేటెంట్ పొందారు. అప్పటికి కార్లు లేవు. ఆ బ్లోయర్‌ను ఇనుము కరిగించే కొలిమిలకు గాలి ఊదడానికి వాడారు. అంటే కారులోని సూపర్‌చార్జర్ కొలిమి నుంచే ఇంజిన్‌లోకి వచ్చింది.

రెండు పేర్ల మధ్య తేడా ఇక్కడే తెలుసుకోవాలి. బెల్టు లేదా గేర్లతో ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ తిప్పేది సూపర్‌చార్జర్. ఇంజిన్ నుంచి బయటికి పోయే వేడి పొగ తిప్పేది టర్బోచార్జర్. రెండో దానికి స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూకి 1905లో పేటెంట్ తీసుకున్నాడు. మన రోడ్ల మీద టర్బో కార్లే ఎక్కువ. బెల్టుతో తిరిగే సూపర్‌చార్జర్ ఉన్నవి తక్కువ. మెర్సిడెస్ బెంజ్ సి200 కంప్రెసర్ లాంటివి ఆ కోవలోవి. గాలి దారిలో వచ్చే లోపాలు రెండిటికీ చాలావరకు ఒకటే. ఎక్కడ తేడా వస్తుందో అక్కడ చెప్పుకుందాం.

బూస్ట్ అంటే గాలి లెక్క

వాతావరణ పీడనం కన్నా ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఎంత ఎక్కువ పీడనం ఉందో దాన్నే బూస్ట్ అంటారు. ఇది సూపర్‌చార్జర్ ఒక్కటే తయారు చేసేది కాదు. సూపర్‌చార్జర్ తోసే గాలి, ఇంజిన్ మింగే గాలి, దారిలో కారిపోయే గాలి, ఈ మూడింటి లెక్క తేలాక మిగిలేదే బూస్ట్. ట్యాంకులో నీటి మట్టం లాంటిది. మట్టం తగ్గిందంటే మోటారు చెడిందనే కాదు. పైపు పగిలి ఉండవచ్చు, కింద కుళాయి పెద్దగా తిప్పి ఉండవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 1.6 లీటర్ల నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన సిలిండర్లు నింపుకుంటుంది. కాబట్టి ఒక చుట్టుకు 0.8 లీటర్ల గాలి మింగుతుంది. సూపర్‌చార్జర్ తన ఒక్కో చుట్టుకు 0.64 లీటర్లు తోస్తుందనీ, పుల్లీల సైజుల వల్ల ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే అది రెండు చుట్లు తిరుగుతుందనీ అనుకుందాం. అంటే ఇంజిన్ చుట్టుకు 1.28 లీటర్ల బయటి గాలి వస్తోంది. 0.8 లీటర్ల చోటులో 1.28 లీటర్ల గాలి ఇరకాలి. వేడి సంగతి కాసేపు పక్కన పెడితే, పీడనం 1.6 రెట్లు అవుతుంది. బయటి పీడనం 1 అయితే లోపల 1.6. గేజ్ మీద కనిపించే బూస్ట్ 0.6.

ఇప్పుడు బెల్టు పదో వంతు జారుతోందనుకుందాం. 1.28 కాస్తా 1.15 అవుతుంది. పీడనం 1.44 రెట్లకు పడుతుంది. గేజ్ మీద 0.6 ఉండాల్సిన చోట 0.44 కనిపిస్తుంది. జారుడు పదో వంతే, కానీ బూస్ట్ నాలుగో వంతు కన్నా ఎక్కువ పోయింది. కారణం సులువే. తోసే గాలిలో మొదటి భాగం బయటి పీడనంతో సమానం కావడానికే సరిపోతుంది, దానికి పైన ఉన్నదే బూస్ట్. తగ్గుదల అంతా ఆ పై భాగం నుంచే పోతుంది. అందుకే గేజ్ మీద పెద్ద తగ్గుదల కనిపించినంత మాత్రాన లోపం పెద్దదని అనుకోకూడదు.

మొదట కొలిచే సాధనాన్ని నమ్మవచ్చో లేదో చూడండి

ఇప్పటి కార్లలో మానిఫోల్డ్‌లో ఒక పీడన సెన్సర్ ఉంటుంది. అది సాధారణంగా సంపూర్ణ పీడనాన్ని కొలుస్తుంది, అంటే శూన్యం నుంచి లెక్క. డాష్‌బోర్డు మీద పెట్టుకునే బూస్ట్ గేజ్ మాత్రం వాతావరణ పీడనాన్ని సున్నాగా తీసుకుంటుంది. ఈ రెండు అంకెలను కలగలిపితే లేని లోపం ఉన్నట్టు కనిపిస్తుంది.

సెన్సర్‌ను పరీక్షించడానికి పైసా ఖర్చు లేదు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి, స్కానర్‌లో మానిఫోల్డ్ పీడనం చూడండి. ఆగి ఉన్న ఇంజిన్‌లో అది బయటి వాతావరణ పీడనమే చూపాలి. సముద్రం పక్కనున్న విశాఖపట్నంలో దాదాపు 101 కిలోపాస్కల్స్ కనిపించాలి. సముద్రమట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తున్న చరోదాలో దాదాపు 98. సుమారు 2,240 మీటర్ల ఎత్తున్న ఊటీలో దాదాపు 77. వాతావరణాన్ని బట్టి ఒకటి రెండు అంకెల తేడా మామూలే. చరోదాలో ఆగి ఉన్న బండి 85 చూపిస్తుంటే అనుమానించాల్సింది సెన్సర్‌ను, దాని వైరింగ్‌ను.

ఎత్తు వల్ల ఇంకో విషయం కూడా గుర్తుంచుకోవాలి. బెల్టు సూపర్‌చార్జర్ పీడనాన్ని కూడదు, గుణిస్తుంది. మన ఉదాహరణ ఇంజిన్ విశాఖలో 61 కిలోపాస్కల్స్ బూస్ట్ ఇస్తే, చరోదాలో 59, ఊటీలో 46 ఇస్తుంది. ఊటీ ఘాట్ ఎక్కాక బూస్ట్ నాలుగో వంతు తగ్గిందంటే అక్కడ చెడిపోయింది ఏమీ లేదు, బయటి గాలే పలచబడింది. ఎవరి బండి గేజ్‌తోనైనా పోల్చుకునేటప్పుడు ఏ ఊరిలో, ఏ కాలంలో తీసిన కొలత అన్నది అడగాలి.

పీడనం ఎప్పుడు తగ్గుతోంది?

ఇక అసలు ప్రశ్న. ఒకే గేరులో, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, తక్కువ ఆర్‌పీఎం నుంచి ఎక్కువ ఆర్‌పీఎం దాకా బూస్ట్ ఎలా మారుతోందో స్కానర్‌లో నమోదు చేయాలి. ఇది డైనమోమీటర్ మీద చేయడం మేలు. రోడ్డు మీద అయితే రద్దీ లేని చోట, వేగ పరిమితి దాటకుండా, రెండో మనిషి స్కానర్ చూస్తుండగా చేయాలి. ఖాళీగా తిరుగుతున్నప్పుడు, మెల్లగా వెళ్తున్నప్పుడు బూస్ట్ లేకపోవడం లోపం కాదు. అప్పుడు థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది, బైపాస్ వాల్వ్ గాలిని వెనక్కి తిప్పుతుంది.

ఒక్కో లోపానికి ఒక్కో రకం గీత వస్తుంది.

తక్కువ ఆర్‌పీఎంలో బాగా తక్కువ, ఆర్‌పీఎం పెరిగే కొద్దీ మెరుగు: సూపర్‌చార్జర్ తర్వాత ఎక్కడో గాలి కారుతోంది. చిల్లు గుండా పోయే గాలి లోపలి పీడనాన్ని బట్టి ఉంటుంది గాని ఇంజిన్ వేగాన్ని బట్టి కాదు. మన ఇంజిన్ పూర్తి బూస్ట్‌లో 2000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు సుమారు 50 గ్రాముల గాలి వాడుతుంది. 6000 దగ్గర 150 గ్రాములు. చిల్లు గుండా సెకనుకు 10 గ్రాములు పోతే, మొదటి సందర్భంలో అది ఐదో వంతు, రెండో సందర్భంలో పదిహేనో వంతు. చిల్లు అదే అయినా, కింద ఎక్కువగా తెలుస్తుంది, పైన మరుగున పడుతుంది.

కింద బాగుంది, పైకి వెళ్లే కొద్దీ ఎదగడం ఆగిపోతోంది లేదా ఊగుతోంది: బెల్టు జారుతోంది. వేగం, పీడనం పెరిగే కొద్దీ సూపర్‌చార్జర్‌ను తిప్పడానికి ఎక్కువ శక్తి కావాలి. బెల్టు పట్టు ఒక హద్దు వరకే ఆ బరువు మోస్తుంది. ఆ హద్దు దగ్గర కీచుమనే శబ్దం, రబ్బరు మాడిన వాసన, పుల్లీ పక్కన నల్లటి పొడి కనిపించవచ్చు. వర్షంలో తడిస్తే ఇంకా ఎక్కువ కావచ్చు.

కింద బాగుంది, పైన నున్నగా వంగి తగ్గుతోంది, ఊగడం లేదు: సూపర్‌చార్జర్‌కు ముందు దారి ఇరుకైంది. ఫిల్టర్ మూసుకుపోయింది, లేదా గాలి పీల్చే గొట్టం లోపలికి ముడుచుకుంటోంది. ఇరుకు దారిలో పీడన నష్టం గాలి ప్రవాహం వర్గంతో పెరుగుతుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర 2 కిలోపాస్కల్స్ నష్టం ఉంటే 6000 దగ్గర అది 8. సూపర్‌చార్జర్ గుణించేది కాబట్టి ముందు పోయిన 8, మానిఫోల్డ్ దగ్గర 13గా కనిపిస్తుంది. ఇనుప ఖనిజం, బొగ్గు వ్యాగన్లు రాత్రింబవళ్లు తిరిగే యార్డు పక్కన ఉండేవాళ్లు ఫిల్టర్‌ను పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్కకన్నా ముందే విప్పి చూడాలి.

అన్ని వేగాల దగ్గరా బూస్ట్ దాదాపు లేదు: బైపాస్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుంది, లేదా దాన్ని నడిపే సన్నని వాక్యూమ్ గొట్టం ఊడింది, డయాఫ్రమ్ చిరిగింది. సూపర్‌చార్జర్ తోసిన గాలే మళ్లీ దాని ముందుకు వచ్చి చుట్టూ తిరుగుతోంది. కొన్ని కార్లలో సూపర్‌చార్జర్ పుల్లీకి విద్యుత్ క్లచ్ ఉంటుంది. అది పట్టకపోయినా ఇదే గీత. బెల్టు తెగితే కూడా ఇంతే, కానీ అది కంటికే కనిపిస్తుంది.

అన్ని వేగాల దగ్గరా ఒకే నిష్పత్తిలో కొంచెం తక్కువ: ముందు సెన్సర్, ఎత్తు, వేడి సరిచూడాలి. తర్వాత పుల్లీ ఎప్పుడైనా వేరే సైజుది వేశారేమో చూడాలి. సూపర్‌చార్జర్ లోపలి రోటర్లు అరిగి గాలి వెనక్కి జారుతుంటే, నష్టం తక్కువ వేగంలో కాస్త ఎక్కువగా ఉంటుంది. దాంతో పాటు శబ్దం మారడం, ఆయిల్ మరకలు కూడా ఉంటాయి. రోటర్లను అనుమానించాల్సింది ఇక్కడికి వచ్చాకే.

టర్బో కారులో ఈ గీతలు కొంచెం మారతాయి. టర్బో వేగం ఇంజిన్ వేగానికి కట్టేసి ఉండదు. చిల్లు ఉంటే కంప్యూటర్ టర్బోను మరింత గట్టిగా తిప్పించి లోటు పూడ్చగలదు. గేజ్ మామూలుగా కనిపించినా బూస్ట్ ఆలస్యంగా వస్తుంది, టర్బో అవసరానికి మించి తిరిగి త్వరగా అరుగుతుంది. బెల్టు సూపర్‌చార్జర్‌కు ఆ వెసులుబాటు లేదు, లోటు ఉన్నది ఉన్నట్టు గేజ్ మీదికి వస్తుంది. లోపం పట్టుకునే వాడికి ఇది మేలే. రెండు రకాల్లోనూ బూస్ట్ అనుకున్నంత లేదని కంప్యూటర్ గుర్తిస్తే సాధారణంగా పి0299 అనే కోడ్ నమోదవుతుంది. ఆ కోడ్ చెప్పేది లోటు ఉందని మాత్రమే. ఏ భాగం చెడిందో అది చెప్పదు.

లీకును పట్టుకోవడం

గీత లీకు వైపు చూపిస్తే, గాలి దారిని ముక్కలుగా విడగొట్టి వెతకాలి. సూపర్‌చార్జర్ బయటి ముఖం నుంచి ఇంటర్‌కూలర్ దాకా ఒక ముక్క, ఇంటర్‌కూలర్ ఒక ముక్క, అక్కడి నుంచి మానిఫోల్డ్ దాకా ఇంకో ముక్క. రబ్బరు గొట్టాల చివర్లు, క్లాంపులు, గాస్కెట్లు, ఇంటర్‌కూలర్ ప్లాస్టిక్ మూతల అంచులు ఎక్కువగా కారే చోట్లు. గొట్టం బయట సన్నని ఆయిల్ తడి, దానిపై అంటుకున్న దుమ్ము కనిపిస్తే అక్కడ మొదట చూడండి. లోపలి గాలి ఆ దారినే పోతూ ఆయిల్‌ను బయటికి తెచ్చి ఉండవచ్చు.

ఆగి ఉన్న ఇంజిన్‌లో గాలి దారి ముందు భాగాన్ని తగిన మూతతో బిగించి, కొద్దిపాటి పీడనంతో గాలి ఎక్కించి, అతుకుల మీద సబ్బు నీళ్లు చల్లితే బుడగలు చిల్లును చూపిస్తాయి. సైకిల్ ట్యూబు పంక్చర్ వెతికే పద్ధతే. పీడనం కారు తయారీదారు చెప్పిన హద్దు దాటకూడదు. దాటితే మూత ఎగిరి మొహానికి తగలవచ్చు, సీళ్లు చెడవచ్చు. పొగ ఎక్కించే యంత్రం ఉన్న వర్క్‌షాపుల్లో పని ఇంకా సులువు. అయితే పొగ పరీక్ష చాలా తక్కువ పీడనంతో జరుగుతుంది. కొన్ని గొట్టాల చీలికలు మామూలుగా మూసుకుని ఉండి, బూస్ట్ వచ్చినప్పుడే నోరు తెరుస్తాయి. పొగ పరీక్షలో ఏమీ దొరకలేదంటే లీకు లేదని తేల్చకూడదు. గొట్టాన్ని చేత్తో వంచి, పిసికి చూడాలి.

కొన్ని చిల్లులు బయటికి కాదు, లోపలికి కారతాయి. క్రాంక్‌కేస్ గాలి గొట్టంలోని ఒకవైపు వాల్వ్ చెడితే బూస్ట్ గాలి ఇంజిన్ అడుగు భాగంలోకి వెళ్తుంది. అప్పుడు ఆయిల్ సీళ్ల దగ్గర కారడం, డిప్‌స్టిక్ పైకి లేవడం కనిపించవచ్చు. ఆయిల్ కారుతోందని వచ్చిన బండికీ, పికప్ లేదని వచ్చిన బండికీ కారణం ఒక్కటే కావచ్చు.

పొగ రంగు కూడా సాక్ష్యమే. గాలి ప్రవాహాన్ని ముందే కొలిచే సెన్సర్ ఉన్న కారులో, కొలిచాక గాలి కారిపోతే కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియదు. లేని గాలికి కూడా ఇంధనం పోస్తుంది. నల్ల పొగ, పెట్రోలు వాసన వస్తాయి. మానిఫోల్డ్ పీడనం చూసి ఇంధనం లెక్కించే కారులో అయితే గాలి తగ్గినంత మేర ఇంధనం కూడా తగ్గుతుంది. పొగ ఉండదు, బలం మాత్రం ఉండదు.

పీడనం సరిగ్గా ఉన్నా బండి లాగకపోతే?

గేజ్ పీడనాన్ని చూపిస్తుంది, గాలి ఎంత ఉందో చూపించదు. వాయువుల నియమం ప్రకారం అదే పీడనంలో వేడి గాలి పలచగా ఉంటుంది. గాలిని ఒత్తితే అది వేడెక్కుతుంది. చరోదాలో మే నెల మధ్యాహ్నం బయట 45 డిగ్రీలు ఉందనుకుందాం. ఆ గాలిని 1.6 రెట్ల పీడనానికి ఒత్తినప్పుడు, సూపర్‌చార్జర్ సామర్థ్యం 60 శాతం అయితే, అది దాదాపు 120 డిగ్రీలకు చేరుతుంది. పీడనం 60 శాతం పెరిగినా గాలి మోతాదు 29 శాతమే పెరిగింది. ఇంటర్‌కూలర్ దాన్ని 70 డిగ్రీలకు చల్లార్చితే ఆ పెరుగుదల 48 శాతం అవుతుంది. కాబట్టి ఇంటర్‌కూలర్ రెక్కల్లో దుమ్ము మూసుకున్నా, నీటితో చల్లబడే రకంలో దాని పంపు ఆగినా, బూస్ట్ గేజ్ దాదాపు మామూలుగానే ఉంటుంది, బండి మాత్రం కూలబడుతుంది. స్కానర్‌లో మానిఫోల్డ్ గాలి ఉష్ణోగ్రత చూడాల్సింది అందుకే.

ఇంకో ఉదాహరణ చాలామందిని తికమక పెడుతుంది. సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోతే ఇంజిన్ తక్కువ గాలి మింగుతుంది. బెల్టు సూపర్‌చార్జర్ తోసేది మాత్రం తోస్తూనే ఉంటుంది. కాబట్టి బూస్ట్ పెరుగుతుంది, శక్తి తగ్గుతుంది. దీనికి తిరుగుడు కూడా నిజమే. ఇంజిన్ శ్వాస మెరుగుపడేలా మార్పులు చేస్తే బూస్ట్ కొంత తగ్గి, శక్తి పెరుగుతుంది. ట్యాంకు మట్టం పోలిక మళ్లీ గుర్తు చేసుకోండి. కుళాయి బాగా పారితే మట్టం తగ్గుతుంది, అది నష్టం కాదు.

లోకో షెడ్ నేర్పే క్రమశిక్షణ

ఈ లెక్కలన్నీ రైలు ఇంజిన్ల దగ్గర చాలాకాలంగా రోజువారీ పని. విద్యుత్ లైన్లు పూర్తిగా రాకముందు బరువైన గూడ్సు రైళ్లను లాగిన డీజిల్ ఇంజిన్లన్నిటికీ టర్బో సూపర్‌చార్జర్ ఉండేది. రైల్వే భాషలో ఆ పీడనం పేరు బూస్టర్ ఎయిర్ ప్రెషర్. 16 సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్ ఉన్న డబ్ల్యూడీఎం-2 ఇంజిన్‌లో టర్బోను పొగే తిప్పేది. లోకో పైలట్ నాచ్ ఒక్కసారిగా పెంచితే ఇంధనం వెంటనే పెరిగేది, టర్బో వేగం అందుకోవడానికి కొంత సమయం పట్టేది. ఆ మధ్యలో నల్ల పొగ ఎగిసేది. పొగ తర్వాత సర్దుకుంటే మామూలే. ఎనిమిదో నాచ్‌లో స్థిరంగా లాగుతున్నప్పుడు కూడా నల్లగానే వస్తుంటే గాలి లోటు ఉన్నట్టు. ఎక్కువ బరువుతో, గాలి లోటుతో నడిపితే పొగ వేడి పెరిగి టర్బోనే దెబ్బతింటుంది. సెక్షన్ మధ్యలో ఒక ఇంజిన్ ఆగితే దాని వెనక రైళ్లన్నీ ఆగుతాయి.

తర్వాత వచ్చిన డబ్ల్యూడీజీ-4 ఇంజిన్లలో సూపర్‌చార్జర్, టర్బో రెండూ ఒకే యంత్రంలో ఉంటాయి. ఇవి రెండు స్ట్రోకుల ఇంజిన్లు కాబట్టి తమంతట గాలి పీల్చుకోలేవు. మొదట్లో గేర్లు టర్బోను తిప్పుతాయి. పొగ బలం సరిపోయే స్థాయికి వచ్చాక ఒక క్లచ్ గేర్లను వదిలేస్తుంది, టర్బో పొగతోనే తిరుగుతుంది. సైకిల్ వాలులో దిగేటప్పుడు పెడల్ ఆగినా చక్రం తిరిగినట్టు.

షెడ్డులో ఇలాంటి ఇంజిన్‌ను పరీక్షించే పద్ధతి కారు యజమానికీ పనికొస్తుంది. ఇంజిన్ తయారు చేసే విద్యుత్తును లోడ్ బాక్స్ అనే నిరోధంలో వేడిగా ఖర్చు చేస్తూ, నిలబడ్డ చోటే పూర్తి బరువు మోయిస్తారు. ఒక్కో నాచ్ దగ్గర పీడనం, పొగ, ఉష్ణోగ్రత రాసుకుంటారు. అంటే లోపం కనిపించే పరిస్థితిని కల్పించి, మార్చిమార్చి కొలుస్తారు. ఇంజిన్ ఆపాక టర్బో రోటర్ ఎంతసేపు స్వేచ్ఛగా తిరిగి ఆగిందో కూడా గమనిస్తారు. త్వరగా ఆగితే బేరింగ్ పట్టేస్తోందని అర్థం. ఇవన్నీ అయ్యాకే టర్బోను కిందికి దించుతారు.

పరీక్షల వరుస

కారు దగ్గరికి వస్తే ఈ వరుస పాటించవచ్చు. ఖర్చు లేనివి ముందు, ఖర్చు ఉన్నవి వెనక.

1. ఆగి ఉన్న ఇంజిన్‌లో మానిఫోల్డ్ పీడనం, ఊరి వాతావరణ పీడనంతో సరిపోతోందా చూడండి.
2. స్కానర్‌లోని కోడ్‌లు, గాలి ఉష్ణోగ్రత రాసుకోండి.
3. పూర్తి థ్రాటిల్‌తో ఆర్‌పీఎం, బూస్ట్ గీత తీయండి. ఏ రకం గీతో గుర్తించండి.
4. గీతను బట్టి ఫిల్టర్, బెల్టు, టెన్షనర్ లేదా బైపాస్ వాల్వ్ చూడండి. బెల్టు జారుడు అనుమానం ఉంటే, తాకకుండా కొలిచే టాకోమీటర్‌తో వర్క్‌షాపులో రెండు పుల్లీల వేగాలు కొలిపించి, పుల్లీల నిష్పత్తితో పోల్చండి.
5. లీకు అనుమానం ఉంటే సబ్బు నీళ్లు, పొగ, చేతి పరీక్ష.
6. ఒక్కో మరమ్మతు తర్వాత మళ్లీ అదే గీత తీసి పోల్చండి. రెండు పనులు ఒకేసారి చేస్తే ఏది ఫలించిందో తెలియదు.
7. ఇవేవీ కాకపోతేనే సూపర్‌చార్జర్ విప్పించండి.

తిరుగుతున్న బెల్టు దగ్గర చేతులు, చున్నీ, చీర కొంగు, వదులు చొక్కా పెట్టకూడదు. ఇంజిన్ వేడిగా ఉండగా ఇంటర్‌కూలర్ నీటి మూత తెరవకూడదు. బూస్ట్ తగ్గిందని చిన్న పుల్లీ వేసి సూపర్‌చార్జర్‌ను ఇంకా వేగంగా తిప్పించడం మరమ్మతు కాదు. లీకు అలాగే ఉంటుంది, గాలి ఇంకా వేడెక్కుతుంది, పెట్రోలు ఇంజిన్‌లో నాకింగ్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

మీరే తేల్చండి

ఒకటి. 2000 ఆర్‌పీఎం దగ్గర బూస్ట్ సగమే ఉంది, 5500 దగ్గర దాదాపు పూర్తిగా ఉంది. ఎక్కడ మొదలుపెడతారు?

రెండు. విశాఖలో 61 చూపిన కారు ఊటీలో 46 చూపిస్తోంది. ఏ భాగం మార్చాలి?

మూడు. బూస్ట్ ఎప్పటికన్నా ఎక్కువ ఉంది, బండి మాత్రం ఎత్తు ఎక్కడం లేదు. గాలి దారిలో వెతకాలా, పొగ దారిలోనా?

జవాబులు: మొదటిదానికి సూపర్‌చార్జర్ తర్వాతి గొట్టాలు, అతుకుల దగ్గర. రెండోదానికి ఏ భాగమూ మార్చక్కర్లేదు. మూడోదానికి పొగ దారిలో, క్యాటలిటిక్ కన్వర్టర్ దగ్గర.